తరగతి గదికి పిల్లల పుస్తకాలు ఎంచుకోవడం: అట్ట మీది బొమ్మ దాటి చూడవలసినవి

కొన్నేళ్ళ క్రితం రెండో తరగతి పిల్లలకు నేనొక బొమ్మల పుస్తకం చదివి వినిపించాను. చక్రాల కుర్చీలో తిరిగే ఒక అమ్మాయి కథ అది. రంగులు బాగున్నాయి, వాక్యాలు చిన్నవి. వైకల్యం ఉన్న పిల్ల కథానాయిక కావడం నాకు నచ్చి, పేజీలు పైపైన తిరగేసి తరగతికి తెచ్చాను. కథ చివర ఆ అమ్మాయి పట్టుదలతో లేచి నడుస్తుంది, అప్పుడు అందరూ చప్పట్లు కొట్టి ఆమెను ఆటలోకి పిలుస్తారు. మా తరగతిలో కాలిపర్లు (కాళ్ళకు ఊతమిచ్చే కట్లు) వేసుకుని చేతికర్ర సాయంతో నడిచే అబ్బాయి ఉన్నాడు. నేను పుస్తకం మూయగానే అతను అడిగాడు: "టీచర్, ఆ అక్క నడవకపోతే వాళ్ళు ఆటకి పిలవరా?"

ఆ ప్రశ్నకు నేను ఆ రోజు సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఇంటికి వెళ్ళి పుస్తకాన్ని మొదటి నుంచి మళ్ళీ చదివాక, అది పిల్లలకు నిజంగా ఏం చెబుతున్నదో అర్థమైంది: నువ్వు మాలా మారితేనే మాలో ఒకరివి అవుతావని. వైకల్యం ఉన్న పాత్ర పుస్తకంలో ఉందా లేదా అని చూశానే తప్ప, ఆ పాత్రను కథ ఏ దృష్టితో చూస్తున్నదో నేను గమనించలేదు. తరగతి గదికి పుస్తకాలు ఎంచే ఉపాధ్యాయులం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రకరకాల భాషలు, మతాలు, రంగులు, ప్రాంతాలు, కుటుంబాలు, శరీరాలు గల పిల్లలు పుస్తకాల్లో కనిపించడం వైవిధ్యం. వాళ్ళ జీవితం వాళ్ళవాళ్ళే చూసి అవును, మేమింతే అని గుర్తుపట్టేలా, వాళ్ళ కథకు వాళ్ళే కర్తలుగా ఉండేలా కనిపించడం ప్రామాణికత. మొదటిది అట్ట చూస్తే తెలుస్తుంది. రెండోది తెలియాలంటే పుస్తకం మొత్తాన్ని, ఒక్కోసారి రెండు మూడు సార్లు, చదవక తప్పదు. ఆ చదవడం ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

ముందు మీ అరలో ఏమున్నదో లెక్క తీయండి

కొత్త పుస్తకాలు కొనే ముందు ఉన్నవాటిని లెక్కించడం మంచిది. మన అరలో అన్ని రకాల పుస్తకాలూ ఉన్నాయనే మనందరికీ అనిపిస్తుంది. లెక్క తీస్తే తప్ప ఆ భ్రమ తొలగదు. అమెరికాలో అయిదేళ్ళ నల్లజాతి పాప ఒకతె తన బొమ్మల పుస్తకం చూస్తూ, ఎప్పుడూ తెల్ల పిల్లలే ఎందుకు ఉంటారని అడిగింది. ఆ ప్రశ్నను పట్టుకుని నాన్సీ లారిక్ అనే విద్యావేత్త 1962, 1963, 1964 సంవత్సరాలలో అక్కడ వెలువడిన 5,000కు పైగా బాలల పుస్తకాల గురించి ఆరా తీశారు. మాటల్లోనో బొమ్మల్లోనో ఒక్క నల్లజాతి వ్యక్తి అయినా ఉన్న పుస్తకాలు 6.7 శాతమేనని ఆమె 1965లో శాటర్డే రివ్యూ పత్రికలో రాశారు. ఇరవై ఏళ్ళ తరవాత, 1985లో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని బాలల పుస్తక కేంద్రం మరో రకంగా లెక్కపెట్టింది: ఆ ఏడాది అక్కడ వచ్చిన సుమారు 2,500 పుస్తకాలలో నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసినవి 18 మాత్రమే. బ్రిటన్‌లో 2017లో వెలువడిన పిల్లల పుస్తకాలను పాత్రలను బట్టి లెక్కించినప్పుడు, శ్వేతజాతేతర పాత్రలున్నవి 4 శాతమని తేలింది. ఈ అంకెలు బయటపడక ముందు ఆ పుస్తకాలు అచ్చు వేసినవారికీ, కొన్నవారికీ, చదివి వినిపించినవారికీ లోటు కనిపించలేదు. అలవాటైన లేమి లేమిలా తోచదు.

విస్కాన్సిన్ కేంద్రం నుంచి మనం నేర్చుకోవలసిన మరో సంగతి ఉంది. ఒక సమాజం గురించి వచ్చిన పుస్తకాలను, ఆ సమాజం వారు రాసిన పుస్తకాలను వారు విడివిడిగా లెక్కిస్తారు. ఈ రెండూ ఒకటి కావు, రెండింటి మధ్య తేడా చాలా విషయాలు చెబుతుంది.

మీ తరగతి అరకు ఈ పని చేయడానికి ఒక మధ్యాహ్నం చాలు. గీతల నోటుపుస్తకంలో ఒక్కో పుస్తకానికి ఒక్కో వరుస కేటాయించి, ప్రధాన పాత్ర ఎవరు, కథ ఎక్కడ ఎప్పుడు జరుగుతుంది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, కథలో చిక్కు ఎవరికి వస్తుంది, దాన్ని ఎవరు విప్పుతారు, రాసిందెవరు, బొమ్మలు వేసిందెవరు, మొదటి ముద్రణ ఏ సంవత్సరం అన్నవి రాసుకోండి. జంతువుల కథలను వేరే పేజీలో రాయండి, ఎందుకంటే ఎలుగుబంట్లు, కుందేళ్ళు ఎన్ని ఉన్నా అవి ఏ పిల్లకూ తన ముఖాన్ని చూపించవు. అరలో సగానికి పైగా జంతువుల కథలే ఉంటే, మనుషుల సంగతి మనం దాటవేస్తూ వచ్చామని అర్థం. నాలుగో తరగతి దాటిన పిల్లలైతే ఈ లెక్కను వాళ్ళ చేతే తీయించవచ్చు. వాళ్ళు మనకన్నా నిశితంగా చూస్తారు. ఒకసారి ఒక జట్టు పిల్లలు మా అరలో వంట చేస్తున్న నాన్న ఎక్కడా లేడని కనిపెట్టారు. నేను పెట్టుకున్న గడుల్లో ఆ ప్రశ్నే లేదు.

అమెరికన్ పండితురాలు రుడిన్ సిమ్స్ బిషప్ 1990లో చెప్పిన పోలిక ఒకటి ఈ లెక్క చదవడానికి బాగా ఉపకరిస్తుంది. పుస్తకం కొందరికి అద్దం, కొందరికి కిటికీ, ఒక్కోసారి పక్కకు జరిపి లోపలికి నడవగల గాజు తలుపు అని ఆమె అన్నారు. ఈ పోలికలో సగమే ఎక్కువమందికి గుర్తుంటుంది. అద్దం దొరకని పిల్లల గురించి ఆమె ఎంత ఆందోళన పడ్డారో, అద్దాలు మాత్రమే దొరికే పిల్లల గురించీ అంతే ఆందోళన పడ్డారు. ఎటు చూసినా తన ముఖమే కనిపించే పిల్లకు లోకంలో తన స్థానం గురించి అతిశయమే మిగులుతుంది. అందువల్ల తరగతిలో పిల్లలందరూ ఒకే నేపథ్యం నుంచి వచ్చినవారే అయితే వైవిధ్యం గల పుస్తకాలు అక్కర్లేదన్న వాదన నిలవదు. నిజానికి అలాంటి తరగతికే వాటి అవసరం ఎక్కువ, ఎందుకంటే పక్క బెంచీలో కూర్చున్న నేస్తం నేర్పగలిగినది అక్కడ పుస్తకమే నేర్పాలి.

పుస్తకం చేతికి వచ్చాక

మొదట మాటలు చదవకుండా బొమ్మలు మాత్రమే చూడండి. చదవడం రాని పిల్లలు ముందు చదివేది బొమ్మలనే, పెద్దవాళ్ళం తరచూ చూడకుండా వదిలేసేవీ అవే. ప్రతి పేజీలో మధ్యన ఎవరు నిలబడ్డారు, అంచున ఎవరున్నారు, ఎవరు నిటారుగా ఉన్నారు, ఎవరు వంగి ఉన్నారు, ఎవరి కళ్ళు మన వైపు చూస్తున్నాయి అన్నవి గమనించండి. ఒక గుంపులో మనుషులందరికీ ఒకే ముక్కు, ఒకే నోరు గీసి చర్మానికి మాత్రం వేర్వేరు రంగులు పూసి ఉంటే, ఆ చిత్రకారుడు మనుషులను చూసి గీయలేదని తెలిసిపోతుంది. ఒక సమాజంలోని వారందరూ అన్ని పేజీల్లోనూ పండగ దుస్తుల్లోనే ఉండటం కూడా అలాంటి జాడే. మనుషులు బడికి, పనికి, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మామూలు బట్టలు వేసుకుంటారు. అవి బొమ్మల్లో లేవంటే ఆ చిత్రకారుడికి వాళ్ళ మామూలు రోజు తెలియదు.

తరవాత మాటలు. ఇక్కడ నేను ప్రత్యేకంగా చూసేది క్రియలను. ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు కనుక్కుంటారు, ఎవరు నేర్పుతారు? ఎవరికి నేర్పబడుతుంది, ఎవరు రక్షించబడతారు? కష్టంలో ఉన్న ఊరికి బయటినుంచి ఒక మంచి మనిషి వచ్చి దారి చూపించే కథలు కొల్లలు. అవి సదుద్దేశంతో రాసినవే. కానీ ఆ ఊళ్ళో ఇన్నాళ్ళూ బతికినవారికి తమ కష్టం గురించి ఒక్క ఆలోచన కూడా లేనట్టు, వాళ్ళు ఎవరైనా వస్తారని ఎదురు చూస్తూ కూర్చున్నట్టు అవి చూపిస్తాయి. ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు: ఆ బయటి మనిషిని కథ నుంచి తీసేస్తే ఏమైనా మిగులుతుందా? ఏమీ మిగలకపోతే ఆ కథ ఆ ఊరిది కాదు, వచ్చినవాడిదే.

తెలుగు పుస్తకాలలో మరొకటి తప్పకుండా చూడాలి. మన భాషలో సర్వనామమే మర్యాదను మోస్తుంది. వాడు, అతను, ఆయన. అది, ఆమె, ఆవిడ. వీటిలో ఏ మాటను ఎవరికి వాడారో చూస్తే రచయిత మనసులోని మెట్లు బయటపడతాయి. ఒకే పుస్తకంలో డాక్టరు వచ్చారు, వీధి ఊడ్చేవాడు వచ్చాడు అని ఉంటే, వయసు ఒకటే అయినా, పిల్లలు ఆ తేడాను పాఠంగానే నేర్చుకుంటారు. అనువాదాలలో ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి. సర్వనామంలో మర్యాద భేదం లేని భాష నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు ప్రతి పాత్రకూ ఒక మెట్టు కేటాయించక తప్పదు. మూలంలో లేని చిన్నచూపు అనువాదంలో అక్కడే దూరుతుంది. మాండలికం సంగతీ ఇలాంటిదే. పుస్తకం మొత్తం ఒక రకం తెలుగులో నడుస్తూ, నవ్వించే పాత్ర, దొంగ, అమాయకుడు మాత్రమే యాసలో మాట్లాడితే, ఇంట్లో ఆ యాస మాట్లాడుకునే పిల్ల ఆ పుస్తకాన్ని ఎలా వింటుందో ఊహించండి. తల్లి బిడ్డను ఓదార్చే మాట, పంతులమ్మ మెచ్చుకునే మాట కూడా అదే యాసలో ఉన్న పుస్తకాలు దొరికితే అవి నిజంగా విలువైనవి, వదులుకోవద్దు.

కాలాన్ని గమనించండి. ఆదివాసులు, మూలవాసులు పిల్లల పుస్తకాల్లో తరచూ భూతకాలంలోనే బతుకుతారు: ఒకప్పుడు ఉండేవారు, ఇలా చేసేవారు, ఇలా నమ్మేవారు. నాంబే ప్వెబ్లో తెగకు చెందిన డెబీ రీస్ అనే పరిశోధకురాలు అమెరికా మూలవాసుల గురించిన బాలల పుస్తకాలను ఏళ్ళ తరబడి పరిశీలిస్తూ, ఉపాధ్యాయులకు పదే పదే చెప్పేది ఇదే: నేటి కాలంలో జరిగే కథలు ఎంచుకోండి, మూలవాసులు అని గంపగుత్తగా కాక ఏ తెగో పేరు పెట్టి చెప్పే పుస్తకాలు ఎంచుకోండి. ఈ సలహా ఏ దేశంలోని ఏ సమాజానికైనా వర్తిస్తుంది. ఆఫ్రికా ఖండంలో 54 దేశాలు, వేలాది భాషలు ఉన్నాయి. అయినా ఆఫ్రికాలో ఒక పల్లె అని మొదలయ్యే పుస్తకాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఏ దేశం, ఏ ఊరు, ఏ నది, వాళ్ళు మాట్లాడే భాష పేరేమిటి అని పుస్తకం చెప్పలేకపోతే, రాసినవారికి ఆ చోటు తెలియదనే అనుకోవాలి. ఎరిగినవారి రాతలో పేర్లు వాటంతటవే వస్తాయి.

జానపద కథల సంకలనాలకు మరో షరతు ఉంది. ఈ కథ ఎవరి దగ్గర విన్నారు, ఎవరు ఎప్పుడు నమోదు చేశారు, తిరగరాసేటప్పుడు ఏం మార్చారు అన్నది పుస్తకం మొదట్లోనో చివర్లోనో ఉండాలి. కొన్ని కథలు కొన్ని సమాజాలకు పవిత్రమైనవి, ఫలానా ఋతువులో ఫలానా వారే చెప్పవలసినవి. వాటిని అడగకుండా తెచ్చి నిద్రపుచ్చే కథలుగా మార్చడం తప్పు. మూలం చెప్పని సంకలనం ఎంత అందంగా అచ్చయినా నేను పక్కన పెడతాను.

చివరికి ముగింపు. నా తరగతిలో ఆ అబ్బాయి ప్రశ్న నాకు నేర్పింది ఇదే. భిన్నంగా ఉన్న పిల్లను చివరి పేజీలో అందరూ ఎందుకు అంగీకరించారు? ఆమె మారిపోయినందుకా? అందరినీ ఆపదనుంచి కాపాడినందుకా? పోటీలో గెలిచినందుకా? ఈ మూడింటిలో ఏదైనా అయితే, ఆమెకు చోటు ఊరికే దక్కలేదు, ధర చెల్లించి కొనుక్కున్నది. మామూలుగా ఉండి, మామూలుగా తప్పులు చేసి, ఒక్కోసారి ఓడిపోయి, అయినా అందరిలో ఒకరిగా ఉండే హక్కు ఆమెకు ఉన్న పుస్తకాన్ని వెతకండి. పెంపుడు కుక్క తప్పిపోయిన కథలో ఆ కుక్కను వెతికే పిల్లకు వినికిడి యంత్రం ఉండటం, దాని గురించి కథ ఏమీ మాట్లాడకపోవడం, ఒక్కోసారి వినికిడి గురించి రాసిన పుస్తకం మొత్తం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

అలాగని కష్టాలూ వివక్షా ఉన్న కథలను మానేయమని కాదు. అవి నిజం, పిల్లలకు తెలియాలి. ఒక సమాజం గురించి మీ అరలో ఉన్న పుస్తకాలన్నీ బాధ గురించినవే అయినప్పుడే ఇబ్బంది. ఏ ఒక్క పుస్తకమూ ఒక సమాజం బరువంతా మోయలేదు. మూడు పుస్తకాలు ఉన్నప్పుడు, ఒకటి గతం గురించి, ఒకటి పక్కింటి పిల్లి గురించి, ఒకటి నవ్వు తెప్పించేది అయినప్పుడు, దేనిమీదా అంత బరువు పడదు.

రాసింది ఎవరు

అట్ట తిప్పి రచయిత పరిచయం చదవండి, చిత్రకారుల పరిచయం అంతకన్నా శ్రద్ధగా చదవండి, రచయిత చివరిమాట ఉంటే దాన్ని మొదటే చదవండి. ఈ కథ రాయడానికి వారికి ఉన్న సంబంధం ఏమిటి? అక్కడ పుట్టారా, అక్కడ బతికారా, ఎవరితో మాట్లాడారు, రాతప్రతిని ఎవరికి చూపించారు? సొంత సమాజం గురించి రాసేవారికి పైనుంచి చూస్తే అందని సంగతులు తెలుస్తాయి: అమ్మమ్మ ఏ మాటకు కోపగిస్తుంది, ఏ మాటకు కోపం నటిస్తుంది, పిల్లలు ఒకరినొకరు ఏమని ఏడిపించుకుంటారు. ఈ సంగతులే కథకు ప్రాణం.

అయినా రచయిత పుట్టుకనే ఏకైక ప్రమాణంగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు. 2015లో కొరిన్ డైవిస్ అనే డచ్ రచయిత్రి, తమ సొంత అనుభవంలోని సమాజాల గురించి రాసే రచయితల పుస్తకాలను సూచించడానికి సొంత గొంతులు అన్న అర్థం వచ్చే ఓన్‌వాయిసెస్ అనే హ్యాష్‌ట్యాగ్‌ను సామాజిక మాధ్యమాల్లో ప్రతిపాదించారు. అది ఎంతో మేలు చేసింది. కానీ కాలక్రమేణా అది అమ్మకాల ముద్రగా మారి, తమ వైకల్యాన్నో లైంగికతనో బయటపెట్టడానికి ఇష్టపడని రచయితలపై ఒత్తిడి తెచ్చింది. బాలల పుస్తకాల్లో వైవిధ్యం కోసం పనిచేసే ఉయ్ నీడ్ డైవర్స్ బుక్స్ సంస్థ 2021లో ఆ మాటను వాడటం మానేసి, ఒక్కో రచయిత తన గురించి తాను చెప్పుకున్న మాటలనే వాడుతోంది. ఉపాధ్యాయులకూ అదే మార్గం. బయటివారు శ్రద్ధగా రాసిన మంచి పుస్తకాలు ఉంటాయి, సొంతవారు రాసిన పేలవమైన పుస్తకాలూ ఉంటాయి. కానీ అర మొత్తం మీద చూసినప్పుడు ఒక సమాజం గురించిన పుస్తకాలన్నీ బయటివారివే అయితే, విడివిడిగా అవి ఎంత మంచివైనా, ఆ అర సరిగా లేనట్టే.

పుస్తకాలు వెతకడానికి కొన్ని నమ్మదగిన దారులు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక యెల్లా లెప్‌మన్ అనే మహిళ, శిథిలమైన జర్మనీలోని పిల్లలకు ఇతర దేశాల పుస్తకాలు చేరాలని పట్టుబట్టి 1946లో ఒక అంతర్జాతీయ బాలల పుస్తక ప్రదర్శన ఏర్పాటు చేశారు. దాని ఫలితంగా 1949లో మ్యూనిక్‌లో అంతర్జాతీయ బాలల గ్రంథాలయం, 1953లో ఇబ్బీ అని పిలిచే అంతర్జాతీయ బాలల పుస్తక మండలి వచ్చాయి. ఇబ్బీ రెండేళ్ళకోసారి సభ్యదేశాల శాఖలు ఎంపిక చేసిన పుస్తకాలతో గౌరవ జాబితా ప్రకటిస్తుంది; అందులో రచనకు, చిత్రాలకు, అనువాదానికి వేరువేరు విభాగాలు ఉంటాయి. ఒక దేశం పుస్తకాన్ని ఆ దేశం వారే మెచ్చి పంపిన జాబితా కాబట్టి ప్రామాణికత వెతికేవారికి అది మంచి ఆరంభం. వైకల్యం గల పిల్లల కోసం, వారి గురించి వచ్చిన పుస్తకాలను కూడా ఇబ్బీ ప్రత్యేకంగా సేకరిస్తుంది. అయితే ఏ జాబితా అయినా వెతుకులాటను తగ్గిస్తుందే తప్ప, పుస్తకాన్ని మీరు చదవవలసిన అవసరాన్ని తప్పించదు.

తెలిసినవారిని అడగడం

మనకు తెలియని జీవితం గురించిన పుస్తకంలో తప్పొప్పులు మనకు కనపడవు. ఆ జీవితం తెలిసినవారిని అడగాలి. పిల్లల తల్లిదండ్రులు, తోటి ఉపాధ్యాయులు, బడిలో పనిచేసే ఇతర సిబ్బంది, గ్రంథాలయాధికారి, వీరిలో ఎవరైనా కావచ్చు. అడిగేటప్పుడు ఈ పుస్తకం బాగుందా అని అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు. దానికి బదులు పుస్తకాన్ని ఇంటికి పంపి, వారం గడువిచ్చి, ఇందులో మీ ఇంట్లో జరగనిది ఏమైనా ఉందా, మీ పాప ముందు చదవడానికి ఇబ్బంది అనిపించే పేజీ ఉందా అని అడగండి. ఒకసారి ఒక తల్లి పుస్తకం తిరిగిస్తూ కథ గురించి ఏమీ అనకుండా, పదకొండో పేజీలో ముసలాయన చేయి పట్టుకున్న తీరు చూపించి, మా వైపు పెద్దవాళ్ళ చేతిని అలా పట్టుకోరండి అన్నారు. నేను ఆ పేజీని అప్పటికి పదిసార్లు చూసి ఉంటాను.

పెద్దవారి సమయానికి విలువ ఇవ్వండి, వారు కాదన్న పుస్తకాన్ని నిజంగానే పక్కన పెట్టండి. ఒకే సమాజానికి చెందిన ఇద్దరు భిన్నాభిప్రాయాలు చెబితే కంగారు పడనక్కర్లేదు. ఆ భేదమే ఆ పుస్తకం గురించి మీకు అందిన ముఖ్య సమాచారం. కానీ ఈ పనిని పిల్లల మీద మాత్రం పెట్టకూడదు. తరగతి మధ్యలో ఒక పిల్ల వైపు తిరిగి, మీ ఇంట్లో ఇలాగే చేస్తారా అని అడగడం కన్నా ఆమెను ఒంటరిని చేసేది మరొకటి లేదు. తనంతట తాను చెబితే వినాలి, చెప్పకపోతే అడగకూడదు.

పాత పుస్తకాల సంగతి

లెక్క తీసినప్పుడు అరలో ఉండకూడని పుస్తకాలు కూడా బయటపడతాయి. వాటిలో కొన్ని మనం చిన్నప్పుడు ప్రేమించినవే కావడం వల్ల తీసేయడం కష్టంగా ఉంటుంది. నా నియమం ఇది: పిల్లలు నా తోడు లేకుండా తీసుకుని చదివే అరలో, ఏ పిల్లనైనా కించపరిచే పుస్తకం ఉండదు. కాస్త పెద్ద పిల్లలతో కూర్చుని, ఇది ఎప్పుడు రాశారు, ఎవరు వింటారనుకుని రాశారు, ఎవరు వినరనుకున్నారు అని చర్చించడానికి ఒకటి రెండు పుస్తకాలను నా బల్ల సొరుగులో ఉంచుకోవచ్చు. మిగిలినవి తీసేయాలి. వాటిని మరో బడికి దానం చేయకండి. మన పిల్లలకు పనికిరానిది వేరే పిల్లలకూ పనికిరాదు.

డబ్బు తక్కువైనప్పుడు

ఏటా పది పుస్తకాలే కొనగలిగితే, వాటిని లెక్కలో తేలిన ఖాళీలకే ఖర్చు పెట్టండి. ఇప్పటికే నిండుగా ఉన్న వైపు ఎంత మంచి పుస్తకం వచ్చినా ఈ ఏడాదికి ఆగవచ్చు. సార్వజనిక గ్రంథాలయం నుంచి తెచ్చి తరగతిలో చదివి, పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగినవాటినే కొనడం మంచి పద్ధతి. స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరికే పుస్తకాలు కూడా ఇప్పుడు చాలా ఉన్నాయి. 2014లో మొదలైన ఆఫ్రికన్ స్టోరీబుక్, 2015లో మొదలైన స్టోరీవీవర్ వంటి వేదికల్లో అనేక భాషల కథలను చదవవచ్చు, అచ్చు తీసుకోవచ్చు, మీ పిల్లల ఇంటి భాషలోకి అనువదించుకోవచ్చు. వాటి నాణ్యత ఒకేలా ఉండదు కాబట్టి పైన చెప్పిన పరిశీలన వాటికీ అవసరం.

ఏ పుస్తకమూ దొరకని ఖాళీ ఉంటే, పిల్లలతోనే పుస్తకం చేయించండి. ఎనిమిది కాగితాలు మడిచి మధ్యలో కుట్టి, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన సంగతి ఒకటి వాళ్ళ మాటల్లోనే రాయించి, ఇంటి భాషలో ఒక వైపు, బడి భాషలో మరో వైపు పెట్టి, అట్ట మీద పిల్లల పేర్లు రాయండి. దాన్ని కొన్న పుస్తకాల పక్కనే, అదే అరలో పెట్టండి.

చదివేటప్పుడు

మంచి పుస్తకాన్ని కూడా వాడే తీరుతో పాడు చేయవచ్చు. ఒక సమాజం పుస్తకాలను ఏడాదిలో ఒక్క ప్రత్యేక దినానికే బయటికి తీయడం, వాటికి వేరే అర పెట్టి వైవిధ్యం అని చీటీ అతికించడం, ఈ రెండూ మానాలి. స్నేహం గురించిన పాఠానికి, వాన గురించిన పాఠానికి, లెక్కల్లో కూడికలకు కూడా ఆ పుస్తకాలను మామూలుగా వాడండి. పాత్రల పేర్లను ముందురోజే సరిగ్గా పలకడం నేర్చుకోండి, తెలిసినవారిచేత ఒకసారి చెప్పించుకుని ఫోనులో రికార్డు చేసుకున్నా మంచిదే. తరగతిలో టీచరు ఒక పేరు దగ్గర తడబడి నవ్వితే, ఆ పేరున్న పిల్ల దాన్ని చాలాకాలం మరచిపోదు. పరాయి భాష మాటలు కథలో వచ్చినప్పుడు ప్రతి మాటకూ ఆగి అర్థం చెప్పనక్కర్లేదు, సందర్భాన్ని బట్టి చాలావరకు పిల్లలకే అర్థమవుతుంది. చదివాక, వాళ్ళు మనకన్నా ఎలా వేరుగా ఉన్నారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దు. ఆ పిల్లకు ఏం కావాలి, ఎందుకు దొరకలేదు, నువ్వైతే ఏం చేసేదానివి అని, ఏ కథకైనా అడిగే ప్రశ్నలే అడగండి. తేడాల గురించి పిల్లలే తమంతట తాము మాట్లాడతారు, అప్పుడు ఆ మాటల్లో ఆసక్తి ఉంటుంది గాని వింత చూసే చూపు ఉండదు.

పుస్తకంలో తప్పు ఉందని చదువుతుండగా తెలిస్తే ఆపి చెప్పండి. ఆ అబ్బాయి ప్రశ్న అడిగిన మర్నాడు నేను తరగతికి అదే పుస్తకం మళ్ళీ తీసుకెళ్ళి, ఈ కథ ముగింపు నాకు సరిగా అనిపించలేదు, మీరైతే ఎలా ముగిస్తారు అని అడిగాను. రకరకాల ముగింపులు వచ్చాయి. ఆ అబ్బాయి చెప్పిన దానిలో ఆ అమ్మాయి నడవనేలేదు. చక్రాల కుర్చీలోంచే బంతి విసిరి, అది పక్కింటి గోడ అవతల పడితే, ఎవరు తేవాలన్న దానిమీద అందరితో కలిసి పోట్లాడింది. ఆ ముగింపును కాగితం మీద రాయించి పుస్తకం చివరి పేజీకి అతికించాం. ఆ పుస్తకం ఇప్పటికీ అరలోనే ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలు అచ్చువేసిన చివరి పేజీ చదివి, తరవాత అతికించిన పేజీ చదివి, ఏది నిజమైన ముగింపు అని నన్ను అడుగుతుంటారు.